నదికి ఒళ్ళు జలదరించిన బుధవారం

జూన్ పదకొండో తేదీ, బుధవారం, సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకి మా వీధి మెట్ల మీద మా మావయ్య కథ ఎత్తుకున్నాడు. టైము ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, అమ్మ సాయంత్రం ప్రార్థన సరిగ్గా ఆరింటికి మొదలవుతుంది, పది నిమిషాలు పడుతుంది. అది ముగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె అన్న మొదటి మాట, "ఒరేయ్ తమ్ముడూ, నా ఫోను సంగతి చూశావా?" అని. ఆ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పే దారి లేకే అతను కథలోకి దిగాడు.

పై మెట్టు మీద మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. కింది మెట్టు మీద పక్కింటి దర్జీ గారు. గోడకి ఆనుకుని బఠానీలు ఒలుస్తూ అత్త, మావయ్య భార్య. గుమ్మంలో కుర్చీలో అమ్మ, ఒళ్ళో ఆ ఫోను. ఆమె వెనక నేను.

మావయ్యకి బస్టాపు పక్క సందులో ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఆగాల్సినంత షాపు. వీధిలో అందరూ అతన్ని రెట్టింపు అంటారు. ఏ మాటైనా సరే అతని చెవిలోకి వెళ్ళి నోట్లోంచి వచ్చేసరికి రెండింతలవుతుంది. దేవుడు అతనికి నాలుక కాస్త పొడుగ్గా ఇచ్చాడు, మనసు అంతకంటే మెత్తగా ఇచ్చాడు. జేబులో ఎప్పుడూ ఒక గుండ్రటి రేకు డబ్బా ఉంటుంది. ఒకప్పుడు తలనొప్పి మందుది, ఇప్పుడందులో చిన్న చిన్న మరలు వేసుకుంటాడు. కథ చెప్పేటప్పుడు దాన్ని పక్కన పెట్టుకుని, కథ ఉబ్బినప్పుడల్లా ఎత్తి మెట్టు మీద కొడతాడు. డబ్బా చేతిలో లేకపోతే అతనికి మాట పెగలదు.

ఫోను సంగతి కూడా చెప్పాలి. అమ్మకి చూపు పోయి చాలా కాలమైంది. బొత్తాల ఫోను ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేకపోయింది. అది పాడయ్యాక మావయ్య ఒక టచ్ ఫోను తెచ్చి, అమ్మ కోసమే అందులో ఒక ఏర్పాటు చేశాడు. తెర నాలుగు మూలలకీ నలుగురు మనుషులు. మూల మీద వేలు పెడితే ఫోను లోపలినుంచి వేలిని తడుతుంది. ఒక్కసారి తడితే మా పెద్దమ్మ, అమ్మకి సొంత అక్క, వేరే ఊళ్ళో ఉంటుంది. మూడుసార్లు తడితే మావయ్య. నాలుగుసార్లయితే నేను. ఐదుసార్లయితే కుళాయిలు బాగుచేసే ఆయన, మావయ్య స్నేహితుడు కాబట్టి అమ్మనడక్కుండానే అతన్ని కూడా ఒక మూలలో కూర్చోబెట్టాడు. ఒకటి తర్వాత మూడేమిటి, రెండు ఏమైంది అని నేనడిగితే, "అది ఇంకొకరిది" అన్నాడు. ఎవరిదో చెప్పలేదు.

మాట్లాడే గొంతు కూడా ఆ ఫోనులో ఉంది గానీ అమ్మ వద్దంది. మా ఆయనది రాత్రి డ్యూటీ, తెల్లారగట్ల వచ్చి ముందు గదిలో పడుకుంటాడు. ఆ వేళకే అమ్మ లేచి, పెద్దమ్మకి ఫోను కలుపుతుంది, అక్కాచెల్లెళ్ళిద్దరూ నెమ్మదిగా కలిసి ప్రార్థన చేసుకుంటారు. ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ వేళ ఫోనులో ఇంకో ఆడమనిషి మాట్లాడితే ఇంట్లో ఇద్దరు లేస్తారు, దేవుడు మూడోవాడు అనేది అమ్మ.

సోమవారం ఫోను కిందపడి గాజు పగిలింది. మావయ్య అదే రోజు కొత్త గాజు వేసి తెచ్చాడు. గాజు బాగుంది, మోత బాగుంది, వేలు పెడితే మాత్రం ఫోను తట్టడం మానేసింది. "కొత్త గాజక్కా, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నాడు. మంగళవారం తెల్లారగట్ల అమ్మ ఫోను తలకిందులుగా పట్టుకుంది. తొడుగు వేసిన ఫోనుకి పైదేదో కిందదేదో చేతికెలా తెలుస్తుంది? పెద్దమ్మ అనుకుని మూల నొక్కి, ప్రార్థన మొదటి చరణం మొత్తం కుళాయిల ఆయనకి వినిపించింది. ఆయన మంచివాడు, చరణం పూర్తయ్యేదాకా నోరెత్తలేదు. అప్పుడు భక్తిగా, "ఏ కుళాయమ్మా?" అని అడిగాడు.

ఇంటిల్లిపాదీ నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. కానీ ఆ మధ్యాహ్నం ఫోను నా చేతికిచ్చి బీరువాలో పెట్టెయ్యమంది. బుధవారం ఉదయం దాని ఊసే ఎత్తలేదు. ఇక గురువారం ఉదయం ఏడింటికి పెద్దమ్మకి మోకాలి ఆపరేషను. (పెద్దమ్మ ఇప్పుడు కర్ర లేకుండా మెట్లెక్కుతోంది, దేవుడి దయ. అందుకే ఇదంతా నవ్వుకుంటూ రాయగలుగుతున్నాను.)

"నేను కలిపిస్తానుగా అమ్మా" అన్నాను.

"నువ్వు కలిపిస్తే నువ్వు పక్కనే ఉన్నావని అక్కకి తెలుస్తుంది. తెలిస్తే 'బాగానే ఉన్నానే' అంటుంది. భయమేస్తోందని నాకొక్కదానికే చెప్తుంది" అంది అమ్మ. బీరువాలోంచి ఫోను తీసి ఆమె ఒళ్ళో పెట్టి, మావయ్యకి కబురు పెట్టాను.

అదీ ఆ సాయంత్రం. ఇక మావయ్య మాటలు మావయ్య చెప్పినట్టే రాస్తున్నాను. నేనేమీ కలపలేదు, కలపడానికి అతను చోటు మిగల్చలేదు.

"అక్కా, ఫోను తట్టట్లేదు తట్టట్లేదు అంటావు, అది చేసిన చెయ్యి ఎవరిదో ఆలోచించావా? దర్జీ గారూ, మీరు వినండి. గాజు చూడండి, నున్నగా ఉంటుంది, గుంట లేదు, మిట్ట లేదు, దాని మీద వేలు పెడితే గోడ మీద పెట్టినట్టే. ఆ గాజు మనకి 'ఆఁ, విన్నాను' అని చెప్పాలంటే లోపల ఒక మోటారు ఉండాలి, చొక్కా బొత్తాం అంత ఉంటుంది, అది ఒక్క రవ్వ ఎగిరి కూర్చోవాలి. ఎక్కువ ఎగిరితే చెంపదెబ్బ, తక్కువ ఎగిరితే చీమ పాకినట్టు. సరిగ్గా మధ్యలో పెట్టడం ఎవడి వల్ల అవుతుంది? పోయిన నెల ఆస్పత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. చేతికి తొడుగులేసుకుంటే ఫోను తట్టేది తెలియట్లేదు బాబూ అంది. సరే ఇలా ఇవ్వమ్మా అని విప్పి, మోటారుని దాని గూట్లో వెంట్రుకవాసి పక్కకి జరిపాను. అంతే. తొడుగుల్లోంచి తెలిసింది."

"ఇంతవరకూ నమ్ముతాను" అన్నారు దర్జీ గారు.

"నమ్మక ఏం చేస్తారు? రెండు జతలు వేసుకున్నా తెలిసింది. పైన ఉన్నివి వేసుకున్నా తెలిసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ వార్డులో ఆ చివర నిలబడి ఫోను నొక్కితే, ఈ చివర కాలికి పిండికట్టుతో పడుకున్నాయన 'ఎవరో నా భుజం తట్టారు' అని లేచి కూర్చున్నాడు!"

"పోయినసారి చెప్పినప్పుడు ఆయన లేడే" అంది అత్త, బఠానీల మీంచి తల ఎత్తకుండా.

"పోయినసారికి ఆయన ఇంకా ఆస్పత్రిలో చేరలేదే!" అని డబ్బా ఎత్తి మెట్టు మీద కొట్టాడు మావయ్య. టక్... టక్. అమ్మ తల కొంచెం పక్కకి వంచింది. ప్రార్థనలో ఎవరైనా తాళం తప్పితే అలాగే వంచుతుంది.

"ఆ మాట ఎలా పాకిందో పాకింది, బట్టల షాపు యజమాని కారేసుకుని వచ్చాడు. ఏమండీ, నా దగ్గర వెయ్యి రకాల గుడ్డలున్నాయి, జనం బొమ్మ చూస్తారు గానీ పట్టుకుని చూడకుండా కొనరు, ఏదైనా చెయ్యండి అన్నాడు. నేను రెండు రోజులు తిండి మానేసి..."

"రెండు రోజులూ రెండు పూటలా తిన్నారు" అంది అత్త.

"...తిండి మీద ధ్యాస మానేసి కూర్చున్నాను. మోటారుకి ఒక్కో గుడ్డకి ఒక్కో వణుకు నేర్పాను. నూలు బొమ్మ మీద వేలు పెడితే నూలు. పట్టు బొమ్మ మీద పెడితే వేలు జారి బల్ల మీద పడాల్సిందే. ఉన్ని దుప్పటి బొమ్మ చూసినవాళ్ళకి చెమటలు, షాపులో రెండు ఫ్యాన్లు అదనంగా పెట్టించారు. ఒకావిడ మఖమలు బొమ్మ మీద చెంప ఆనించి, అక్కడే, కౌంటరు మీద, గురక పెట్టి నిద్రపోయింది. వాళ్ళాయన వచ్చి లేపితే, ఆ ఫోను కొంటేగానీ లేవనంది!"

"ఇక మాకెందుకండీ సూదీ దారం? కట్టేసుకుంటాను కొట్టు" అన్నారు దర్జీ గారు.

"సూది అన్నారు గనక చెప్తున్నాను, సూది బొమ్మ కూడా ఒకటి పెట్టాను. దాని గురించి అడక్కండి. ముగ్గురికి వేళ్ళకి కట్లు కట్టించాను. కత్తి బొమ్మ అయితే సెలూన్ ఆయన పట్టుబట్టి పెట్టించుకున్నాడు. ఫోను తీసి బుగ్గ మీద అటూ ఇటూ రుద్దితే గడ్డం నున్నగా దిగిపోయేది, నురగ అక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు. ఊరంతా వరస కట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక పెద్దమనిషికి సగం గడ్డం అయ్యేసరికి ఆ ఫోనుకి ఎవరో కాల్ చేశారు. వణికింది. మీసం పోయింది. కనుబొమ్మలు కూడా ఒకటీ అరా పోయాయి. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటాడు. నేను అయితే ఆయన్ని గుర్తు కూడా పట్టలేను."

దర్జీ గారు నవ్వి నవ్వి టీ గ్లాసు పక్కన పెట్టేశారు. వీధిలో పోతున్న ఇద్దరు ఆగారు. మనుషులు పెరిగితే మావయ్య గొంతూ పెరుగుతుంది. మళ్ళీ డబ్బా ఎత్తి కొట్టాడు, టక్... టక్.

"అప్పుడు కంపెనీ వాళ్ళు దిగారు. ఏ కంపెనీ అని అడక్కండి, మాటిచ్చాను. ఆరుగురు ఇంజనీర్లు, తెల్ల చొక్కాలు, బీరువా అంత యంత్రం. వణుకుని కొలిచే యంత్రమట. నేను బాగుచేసిన ఫోను దాని మీద పెట్టి ఒక్కసారి నొక్కారు. యంత్రంలో ముల్లు ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది, అద్దాన్ని గుద్దుకుంది, పగలగొట్టుకుని కిందకి దూకింది, మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది. నేను కళ్ళారా చూశాను, ఆ సందు మలుపులో కుడి వైపు తిరిగింది. వాళ్ళలో పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని, 'సార్, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారు?' అన్నాడు. ఏమన్నానో తెలుసా?"

"ఏమన్నారు?" అన్నారు దర్జీ గారు.

"మా అక్కల చేతుల దగ్గర అన్నాను."

ఇక్కడ అతని గొంతు ఒక మెట్టు దిగింది. "నిజమే చెప్పాను. చిన్నప్పుడు మా ఇంట్లో దీపం ఆర్పేస్తే నాకు హడలు. ఏడిస్తే నాన్న లేస్తాడు. అందుకని అక్కలిద్దరూ నాకు చెరోపక్క పడుకుని చీకట్లో వీపు మీద తట్టేవాళ్ళు. ఒక్కసారి తడితే పెద్దక్క. రెండుసార్లు తడితే ఈ అక్క. పక్కన ఎవరున్నారో మాట అక్కర్లేకుండా తెలిసేది. నా ఫోన్లన్నీ అక్కడి నుంచే వచ్చాయి. ఆ పెద్దాయన అది విని కళ్ళు తుడుచుకున్నాడు."

నేను అమ్మ వైపు చూశాను. ఒళ్ళో ఫోను మీద వేలు ఒక మూల నుంచి ఇంకో మూలకి నెమ్మదిగా నడుస్తోంది. గాజు ఆమెకి ఏమీ చెప్పట్లేదు. నా మనసు చివుక్కుమంది. ఇంత మంచి మాట చెప్పినవాడు ఇక్కడితో ఆపి ఆ ఫోను అందుకుంటే బాగుండునని దేవుణ్ణి అడిగాను. మావయ్య నోటికి అడ్డం పడటం ఆయన వల్ల కూడా కాలేదు.

"ఇక అసలు సంగతికి వస్తాను. ఇదంతా బయటి ఫోన్ల గొడవ. నా సొంత ఫోను సంగతి వేరు. దానిలో మోటారు నేను స్వయంగా చుట్టుకున్నది, పూర్తి బలం ఎప్పుడూ పెట్టను, భయం. ఒకరోజు వంతెన మీద నడుస్తున్నాను. ఎంత బలం ఉందో చూద్దామని బుద్ధి పుట్టి చివరిదాకా తిప్పేశాను. సరిగ్గా అప్పుడే ఎవరో కాల్ చేశారు."

"ఎవరు?"

"ఇదిగో, ఈవిడే! వచ్చేటప్పుడు సబ్బు తెమ్మని!"

"ఆ సబ్బు ఇప్పటిదాకా రాలేదు" అంది అత్త.

"ఎలా వస్తుంది? వంతెన ఊగుతోంది! ఫోను జేబులో జర్రుమంది, నేను స్తంభాన్ని పట్టుకున్నాను, స్తంభం నన్ను పట్టుకుంది. కిందకి చూస్తే ఏముంది, నదికి ఒళ్ళు జలదరించింది. అవునండీ, నదికి! చలేస్తే మన చేతి మీద లేస్తాయే, అలాగే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నీళ్ళ మీద సన్న సన్న బొడిపెలు. చేపలు చక్కిలిగింతలకి ఆగలేక గాల్లోకి ఎగిరి, నవ్వి నవ్వి, కొన్ని ఎటు పడాలో మర్చిపోయాయి. ఊళ్ళో ఏళ్ళ తరబడి ఆగిపోయిన పెద్ద గడియారం నడిచింది. ఊరికే నడవడం కాదు, ఆగిన రోజు నుంచి ఆ రోజు దాకా బాకీ ఉన్న గంటలన్నీ ఏకబిగిన కొట్టింది. ఆఫీసుల్లో వాళ్ళు సాయంత్రమైందనుకుని ఇంటికి పోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంకా ఏమైనా మిగిలిందా?" అన్నారు దర్జీ గారు కళ్ళు తుడుచుకుంటూ.

"ఊరు మొత్తం నిశ్శబ్దం! ఎందుకూ? చంటిపిల్లలందరూ ఒక్కసారి నిద్రపోయారు. భూమి ఉయ్యాలలా ఊగిందండీ, నెమ్మదిగా, అటూ ఇటూ. తల్లులందరూ నా షాపు ముందుకొచ్చి, అన్నయ్యా, రోజూ మధ్యాహ్నం ఒక్కసారి మోగించు, మేం కాస్త నడుం వాలుస్తాం అన్నారు. ఇంతలో భూకంపాల ఆఫీసు నుంచి నాకు ఫోను. 'అయ్యా, మీకు దణ్ణం పెడతాం, సైలెంటులో పెట్టుకోండి' అని. ఆ కాల్‌కి మళ్ళీ ఊగింది! అందుకే ఇప్పుడు వాళ్ళు ఫోను చెయ్యరు. ఏదైనా చెప్పాలంటే మనిషిని పంపిస్తారు."

డబ్బా ఎత్తి, ముగింపు దెబ్బగా, ఉన్న బలమంతా పెట్టి మెట్టు మీద కొట్టాడు. టక్... టక్. వీధిలో ఆగిన ఇద్దరూ చప్పట్లు కొట్టారు. మావయ్య చెమట తుడుచుకుని టీ గ్లాసు అందుకున్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ" అంది అమ్మ.

"చెప్పక్కా."

"భూమిని ఊపావు. నదిని ఊపావు. నా వేలొక్కటి ఊపలేకపోయావేంరా?"

అత్త చేతిలో బఠానీ కాయ సగంలో ఆగిపోయింది. దర్జీ గారు ఆకాశం వైపు చూశారు. మావయ్య టీ ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, గ్లాసు ఖాళీ అని తెలిశాక కూడా మూడోది తాగాడు.

"అక్కా, నీకు తెలియట్లేదు గానీ నీ ఫోనుది అన్నిటికంటే పైరకం పని. అది వణుకుతూనే ఉంది. ఎంత వేగంగా వణుకుతోందంటే, నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఇంట్లో ఫ్యాను లేదూ? గిర్రున తిరిగేటప్పుడు రెక్కలు కనపడతాయా?"

"శభాష్" అన్నారు దర్జీ గారు, అప్రయత్నంగా.

"రెక్కలు నాకెప్పుడూ కనపడవు" అంది అమ్మ. "కానీ గాలి తగులుతుంది కదరా."

మావయ్య మళ్ళీ డబ్బా ఎత్తబోయాడు.

అమ్మ చెయ్యి చాచింది. "ఆ డబ్బా ఇలా ఇయ్యి."

"డబ్బా ఎందుకక్కా? మరలుంటాయి, చిందుతాయి..."

"ఇందాకటి నుంచీ వింటున్నాను. కథకి ముందు నువ్వు దాన్ని పక్కన పెట్టినప్పుడే కుంటింది. రేకు డబ్బా నేల మీద పెడితే ఒక్క చప్పుడు రావాలి. నీది రెండు చప్పుళ్ళు చేస్తోంది. కింద ఏదో ఉంది. ఇయ్యి."

ఇచ్చాడు. అమ్మ మూత జోలికి పోలేదు. డబ్బాని బోర్లా తిప్పి, అడుగున చూపుడువేలు ఒకసారి చుట్టూ తిప్పింది, ఆగింది. గోటితో మెల్లగా గీకి, వేలి కొసకి అంటుకున్నదాన్ని అందరికీ కనపడేలా పైకెత్తింది. గుండ్రంగా, పల్చగా, చొక్కా బొత్తాం అంత.

"ఇదేనా ఊరంతా ఊపింది?" అంది.

ఆ నవ్వు ఎక్కడ మొదలైందో చెప్పలేను. దర్జీ గారు మెట్టు మీంచి జారి వీధిలో కూర్చున్నారు. అత్త ఒళ్ళో బఠానీలు నాలుగు వైపులా దొర్లాయి. "డబ్బా కింద ఉండగానే నదికి ఒళ్ళు జలదరించిందా గురువుగారూ! లోపల బిగిస్తే కొండలే లేచిపోతాయేమో!" అన్నారు దర్జీ గారు, ఊపిరి అందకుండానే.

మావయ్యకి అప్పుడు అర్థమైంది. గాజు మార్చేటప్పుడు మోటారు తీసి, దాని వెనక జిగురుకి దుమ్ము పట్టకూడదని జిగురు వైపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టాడట. జాగ్రత్త మంచిదే. ఆ జాగ్రత్త మీదే తీసుకెళ్ళి మరలున్న రేకు డబ్బా పెట్టాడు, మోటారు దాని అడుక్కి అతుక్కుపోయింది. ఫోను బిగించి పరీక్ష చేస్తే, బల్ల మీద ఉన్న పదిమంది ఫోన్లలో ఏదో ఒకటి జర్రుమంది. అమ్మదే అనుకున్నాడు. సోమవారం నుంచీ ఆ మోటారుని గుండెల మీద జేబులో మోసుకు తిరుగుతూ, ఫోను ఎందుకు తట్టట్లేదా అని రెండు రాత్రులు నిద్ర పోలేదని అత్త తర్వాత చెప్పింది. నిద్రపట్టని సంగతి మాత్రం అతను ఏ కథలోనూ చెప్పలేదు.

"చూశారా!" అని ఒక్క అడుగు ముందుకేశాడు పాపం. "డబ్బా అడుగున ఉండి కూడా..." అక్క ముఖం చూసి ఆగిపోయాడు. అమ్మ నవ్వుతోంది, కానీ ఫోను రెండు చేతులతో అతనికి అందిస్తోంది.

"రేపు ఏడింటికి అక్కని లోపలికి తీసుకెళ్తార్రా" అంది.

మావయ్య మెట్టు మీదే అత్త చీర చెరగు పరిపించాడు, బఠానీలు తీసేసి. వెలుగు ఇంకా ఉంది. వెనక మూత గోటితో ఊడదీసి, జేబులోని చిన్న స్క్రూడ్రైవరుతో ఒక్కో మరా తీసి దర్జీ గారి అరచేతిలో వరసగా పెట్టాడు. దర్జీ గారు సూది మీద ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టి కూర్చున్నారు. మోటారు గూట్లో పెట్టి, బొటనవేలితో నొక్కి, పది లెక్కపెట్టి, మరలు బిగించి, మూత వేసి, ఫోను అమ్మ చేతిలో పెట్టాడు.

అమ్మ తెర మీద వేలు ఆనించింది. ఫోను ఐదుసార్లు తట్టింది. ఆమె పెదవులు లెక్కపెట్టడం నేను చూశాను. "కుళాయి" అంది. ఫోను తిప్పి పట్టుకుంది. వేలు ఆనించింది. ఒక్కసారి, నెమ్మదిగా.

"అక్క" అంది.

చెయ్యి చాచి గాల్లో వెతికింది. మావయ్య అర్థం చేసుకుని, మెట్టు మీదే అటు తిరిగి, వీపు ఆమె చేతికి అందేలా కూర్చున్నాడు. అమ్మ అతని వీపు మీద రెండుసార్లు తట్టింది.

మర్నాడు, గురువారం, ఇల్లు ఇల్లంతా నిద్ర నటించింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, సంగతి విని, బట్టలు కూడా మార్చకుండా పక్క మీద వాలి కళ్ళు మూసుకున్నాడు. కాళ్ళ వేళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి. నేను టీ గ్లాసుల కింద గుడ్డ మడతలు పెట్టాను, చప్పుడు కాకూడదని. తలుపు తీస్తే మెట్ల మీద మావయ్య, వెనక అత్త.

"మీ అత్త సబ్బు అడిగిందిగా, కొట్టు తీశారేమో చూద్దామని ఇటొచ్చాను" అన్నాడు గుసగుసగా. చేతిలో నిజంగానే సబ్బుంది.

లోపలి గదిలో అమ్మ లేచిన అలికిడి. తర్వాత, చెవి పెడితే తప్ప వినపడనంత సన్నగా, చెక్క మంచం కోడు దగ్గర ఒక్క జుమ్మనే చప్పుడు. వెంటనే, "అక్కా, నేనే" అని అమ్మ గొంతు. వంటింట్లో నిలబడ్డ మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ముందు గదిలో కాళ్ళ వేళ్ళు ఆగాయి.

ప్రార్థన సాగింది. అది అయ్యాక అమ్మ ఊఁ కొడుతోంది, అవతల పెద్దమ్మ ఏదో చెప్తోంది. నేను వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. ఆ మాటలేవో నాకు తెలియవు. వాళ్ళిద్దరివి.

టీ పొంగు వస్తుండగా లోపలి నుంచి ఒక్కసారిగా నవ్వు. ఫోనులోంచి పెద్దమ్మ నవ్వు కూడా వినపడేంత నవ్వు. అమ్మ గొంతు తలుపు దాటి వచ్చేసింది.

"అబద్ధమెందుకే? మన తమ్ముడు చేసిన ఫోనే! వంతెన మీద మోగితే నదికి ఒళ్ళు జలదరించిందట. నది ఒక్కటేనా, అవతలి ఒడ్డున కొండ రెండడుగులు పక్కకి జరిగిందట! నీ మోకాలెంత, భయపడకు!"

మావయ్య గ్లాసు అందుకోబోతూ ఆగాడు. "కొండ సంగతి నేను చెప్పలేదే" అన్నాడు.

"ఊరుకోండి. వదినగారు చెప్పారంటే అది జరిగినట్టే" అంది అత్త.

మేమందరం టీ తాగాం. మావయ్య సబ్బు కిటికీలో పెట్టి, కొంచెంసేపు ఆలోచించి, నా వైపు వంగాడు.

"రెండడుగులేనా అంది?"